బాక్సులు సరిచూసుకునే పాట

విజయనగరంలో ఒక ఫంక్షన్ హాలు గేటు ముందు ఆటో దిగి చీర సర్దుకుంటూ ఉండగా లోపలి నుంచి నా గిటారు వినపడింది. నేను పెళ్ళి రిసెప్షన్‌కి వచ్చిన మనిషిని. గిటారు ఇంట్లో మంచం కింద ఉంది. అయినా ఆ తీగలు నావే. వాటి కింద గుమ్మని మోగుతున్నది కోటబొమ్మాళిలో మా మేనమామ ఇంటి వెనక ఉండిన బియ్యం మిల్లే. హాలు తలుపుల అద్దాలు అదురుతున్నాయి. నేను వాయించినదాన్ని అంత పెద్ద చప్పుడుతో నేనే ఎన్నడూ వినలేదు. వెనక నుంచి ఎవరో "జరగండమ్మా" అన్నారు. జరగలేదు.

సరిగ్గా మిల్లు మోటారు నెమ్మదించబోయే చోట పాట తెగిపోయింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని ఒక గొంతు వచ్చింది. అది మా బావ గొంతు. ఆ వెంటనే ఏదో సినిమా పాట అందుకుంది.

పెళ్ళివారిని పలకరించకుండా తిన్నగా స్టేజి వెనక్కి వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే ముందు కొన్ని పాత సంగతులు చెప్పాలి. నన్ను ఎరిగినవాళ్ళు "నీకు అన్నీ గుర్తే" అని ఎత్తిపొడుస్తారు. గుర్తే మరి. అన్నవాళ్ళు అని వెళ్ళిపోతారు, పడ్డవాళ్ళకి గుర్తుండక ఏమవుతుంది?

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడ పనిచేసిన ఒక దొరసాని ఊరు విడిచి వెళ్తూ తన గిటారు మా ఇంట్లో వదిలేసింది. నా చేతికి వచ్చేసరికి దానికి నాలుగు తీగలే మిగిలాయి. కొత్తవి కావాలంటే విశాఖపట్నం వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళు లేరు, నేర్పేవాళ్ళూ లేరు. ఆ నాలుగింటినీ నాకు తోచినట్టు బిగించుకుని, తోచినట్టు మీటుకుంటూ పెరిగాను. తర్వాతెప్పుడో ఆరు తీగలూ వచ్చాయి, నేర్చుకునే పుస్తకం కూడా వచ్చింది. అప్పటికే నా వేళ్ళు వేరే దారిన పడ్డాయి. పుస్తకంలో చెప్పిన శ్రుతిలో గిటారును ఉంచి నేను ఒక్కరోజు కూడా వాయించలేదు. రాక కాదు. వినడానికి బాగోలేదు.

మా చర్చి క్వయర్‌లో కొన్నాళ్ళు వాయించాను. అప్పట్లో చర్చికి రేకుల కప్పు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో వాన పట్టుకుంది. రేకుల మీద వాన పడితే హార్మోనియం వినపడదు, పాడేవాళ్ళ గొంతులూ వినపడవు. నాకు మాత్రం ఆ వాన బాగుంది. అరచేత్తో గిటారు పెట్టె మీద, గోళ్ళతో తీగల మీద, వానతో పాటు వాయించాను. క్వయర్ మాస్టారు నా వైపు వంగి, "ఏటమ్మా అది, గిన్నెలు తోమినట్టు? దిగు" అన్నారు. అందరూ చూస్తుండగా దిగాను. వాన వెలిశాక కూడా ఎక్కమనలేదు. తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి నా కుర్చీలో తబలా ఉంది. మనిషి కాదు, తబలా ఒక్కటే. వాయించేవాడు ఊళ్ళో లేడు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చి విజయనగరం చేరాను. ఫిడేలు, వీణ తప్ప మూడోది చెవికెక్కని ఊరు. ఒక సంగీత సభవాళ్ళని అడగ్గా అడగ్గా ఒక సాయంత్రం నాకు కాస్త సమయం ఇచ్చారు. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి కార్యదర్శి గారు నా ముందు దీపపు సెమ్మె పెట్టి వత్తులు సర్దుతున్నారు. "మీరు కానివ్వండి, మేం జ్యోతి వెలిగించుకుంటాం" అన్నారు. నన్ను పిలిచింది కార్యక్రమానికి కాదు, కార్యక్రమం మొదలయ్యేలోగా స్టేజి బోసిగా ఉండకూడదని. ఇంటికొచ్చి ఆ సభకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. దానికీ రాలేదు.

బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఒకాయన దగ్గరికి గిటారు పట్టుకెళ్ళి, తీగలు ఆనే చోట వీణలకి వాడే పనస చెక్క వేసి పెట్టమన్నాను. వీణలో ఉండే జీర కొంచెం నా తీగలకీ రావాలని ఆశ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో తట్టి, "దీనికి పనస పెడితే పనసకి అవమానం తల్లీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, టీ కూడా తెప్పించాడు. టీ దిగింది కానీ ఆ మాట దిగలేదు.

మా ఆయన మాత్రం ఇన్నేళ్ళలో నా గిటారు గురించి ఒక్క మాట అనలేదు. ఆయన చెవికి మిషను పెట్టుకుంటారు. నేను మంచం కింద నుంచి గిటారు లాగగానే ఆ మిషను తీసి జేబులో వేసుకుంటారు. ఎంతో మర్యాదగా, నాకు కనపడకుండా తీస్తున్నానని అనుకుంటారు.

అందుకని నా అంతట నేనే రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాను. మొదట క్యాసెట్లలో, తర్వాత ఫోనులో. ఒకదానికొకటి పొంతన ఉండదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, తీగల సందున దువ్వెన దోపి వాయించినది ఒకటి. భోగాపురం దగ్గర సరుగుడు తోటలో గిటారును గాలికి అడ్డంగా పట్టుకుని, నేను ఏమీ మీటకుండా గాలి చేతే పలికించినది ఒకటి. విమానాశ్రయం పనులు మొదలయ్యాక మళ్ళీ అటు వెళ్తే తోట లేదు. మట్టి లారీలు వెనక్కి వస్తూ చేసే కూత ఉంది. ఆ కూతతోనే ఇంకొకటి వాయించాను. క్రిస్మస్ పాట ఒకటి తీగలన్నీ వదులు చేసి ముసలి గొంతులా వాయించాను. గిటారు పెట్టెలో గుప్పెడు చోళ్ళు, అదే రాగులు, పోసి ఊపుతూ వాయించినది ఉంది, తర్వాత ఆ చోళ్ళు దులపలేక చచ్చాను. వీటిలో కొన్ని బాగోలేవని నాకు తెలుసు. ఊళ్ళో ఒక స్టూడియో అతనికి వీటిని వినిపించబోయాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు బుద్ధిగా విని, "పాట ఎప్పుడు మొదలవుతాది మేడం?" అని అడిగాడు. మొదలవడమేమిటి, అప్పటికి సగం అయిపోయింది.

అన్నిటిలోకీ నేను మనస్ఫూర్తిగా నాది అనుకునేది మిల్లు పాట. మా మేనమామ ఇంటి వెనక పాత బియ్యం మిల్లు ఉండేది. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా గోడల్లోంచి దాని మోత వచ్చేది. ఆ మోతతో కలిసేలా గిటారు తీగలన్నీ శ్రుతి చేసుకుని, ఒక మధ్యాహ్నం మిల్లులో ఊక బస్తాల మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టాను. ముక్కు నిండా తవుడు. వాయింపు బాగా కుదిరిన సమయంలో కరెంటు పోయింది. మా వైపు అది వింతేమీ కాదు. మోటారు ఒక్కసారిగా ఆగదు, బెల్టు టపటపమంటూ మోత మెల్లగా కిందికి జారుతుంది. నా ఎడమ చేయి తనంత తానే గిటారు తలకాయ దగ్గరికి వెళ్ళి బిరడాలు వదులు చేయడం మొదలుపెట్టింది. మోత ఎంత దిగితే తీగలూ అంత దిగాయి. చివరికి తీగలు వేలాడి చెక్కకి కొట్టుకున్నాయి, బెల్టు ఆగింది, పిచ్చుకలు వినిపించాయి. నేను ఆలోచించి చేసింది ఏమీ లేదు. మళ్ళీ చేద్దామన్నా కుదరదు, ఆ మిల్లు ఇప్పుడు లేదు. పెద్ద మిల్లులు వచ్చాక దాన్ని విప్పి ఇనుము కింద అమ్మేశారు.

ఆ పాటతో ఒక చిక్కు ఉంది. ఫోనులో వింటే కింది మోత అసలు వినపడదు, ఒట్టి గీకుడు మిగులుతుంది. దానికి మనిషంత ఎత్తు బాక్సులు కావాలి. అవి మా బావ దగ్గర ఉన్నాయి. మేనమామ కొడుకు, కోటబొమ్మాళిలో మైకుసెట్టు నడుపుతాడు. పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టి, "బావా, ఇంకేమీ వద్దు. ఒక్కసారి, కూర్చున్న జనం ముందు, మొదటి నుంచి ఆకరి దాకా వెయ్యి" అన్నాను. ఆ వయసులో నాకు చప్పట్లు అక్కర్లేదు. స్టేజీ అక్కర్లేదు. ఆ మిల్లు ఆగే దాకా ఎవరైనా లేవకుండా కూర్చుంటే చాలు అనుకున్నాను. "అలాగేలే, సందర్బం రావాల కదేటే" అన్నాడు. ఏళ్ళు గడిచినా సందర్భం రాలేదు. అడిగినప్పుడల్లా నవ్వేవాడు.

ఇప్పుడు ఈ రిసెప్షన్ హాల్లో, స్టేజి వెనక, వైర్ల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా ఇది?"

"ఏటే, ఎప్పుడొచ్చినావు? బోజనం సేసినావా?"

"బోజనం సంగతి తరవాత. నా పాటెందుకు ఏసినావు? ఏసినోడివి మద్దిలో ఎందుకు ఆపినావు?"

"ఓ, అదా! బాక్సులు సూసుకోడానికే. నీ పాటలో అడుగున గుమ్మని మిల్లుంటాది, పైన కీసుమని తీగుంటాది. రెండూ సక్కగా పలికితే ఇంక ఏ పాటేసినా బయం నేదు."

"ఎన్నాళ్ళ బట్టి?"

"నువ్విచ్చిన కాడ్నించి. పెల్లిల్లు, దినాలు, సబలు, అన్నిటికీ నీ పాటే. ఇటు టెక్కలి నుంచి అటు ఇచ్చాపురం దాకా నీ పాట ఇననోడు నేడు. నువ్వు సంతోసించాల."

"ఆకరి దాకా ఎవుడైనా విన్నాడా?"

"ఆకరి దాకా ఎందుకే? బాక్సు మంచిదో పాడో నిమసంలో తెలిసిపోతాది."

"సినిమా పాటలు లేవా నీకు?"

బావ ఈసారి నవ్వలేదు. నిజంగానే నాకు పని వివరిస్తున్నట్టు చెప్పాడు. "సినిమా పాటేస్తే ఆపనివ్వరే. ఉంచు ఉంచు అంటారు. నీదైతే ఎక్కడ ఆపీసినా ఎవులూ ఏటీ అనరు."

నాకు గట్టిగా అరవాలనిపించింది. కానీ ఆ రోజు ఒంట్లో శక్తి లేదు. అతను చెప్పింది నిజమని నాకు తెలుసు కూడా. భోజనం చేయకుండా ఇంటికి వచ్చేశాను. రాగానే ఫోను చేసి, పాట పూర్తిగా వేస్తానని మాట ఇవ్వకపోతే మేనమామ ఇంటి గడప తొక్కనన్నాను. బావ కొంత గొణిగి ఒప్పుకున్నాడు. కోటబొమ్మాళిలో మా చర్చి సంఘం ఉజ్జీవ ప్రార్థన సభలు జరగబోతున్నాయి. మైకు అతనిదే. ప్రసంగీకుడు ఏటేటా ఆలస్యంగానే వస్తాడు, ఆ లోపు జనం కూర్చునే ఉంటారు, అప్పుడు వేస్తానన్నాడు.

పాసింజరు బండిలో వెళ్ళాను. షామియానా కింద ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్నాను. మధ్యాహ్నం ప్రార్థన కూడిక. ప్రసంగీకుడి కారు ఎక్కడో రైల్వే గేటు దగ్గర ఆగిపోయిందని కబురు వచ్చింది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఇంతకన్నా మంచి సందర్భం రాదు. బావ నా వైపు చూసి తల ఊపి, పాట వేశాడు.

మోత మొదలవగానే నా పక్కావిడ లేచి నిలబడింది. "ఇంకా టయిముంది, టెస్టింగే కదా. నాను ఎల్లి బియ్యం పొయ్యి మీద పడీసొస్తాను" అని తన తోటికోడలికి చెప్పింది.

"ఇది టెస్టింగ్ కాదమ్మా, పాట" అన్నాను.

"ఏటి పాట?"

"గిటారు."

"ఇది మైకు బాబుది కదేటి? మాకు తెలుసు. ఇప్పుడు కీసుమంటాది సూడు" అంది తోటికోడలు. సరిగ్గా ఆమె అన్నచోటే నా పైతీగ కీసుమంది. "సెప్పినానా? ఇంక ఆపీస్తాడు."

నాకు ఎలా అనిపించిందో చెప్పడం కష్టం. నా పాట ప్రతి మలుపూ ఆవిడకి కంఠతా వచ్చు. నా రికార్డింగుల్లో దేన్నీ ఎవరూ అంతగా ఎరగరు. కానీ ఆవిడకి అది పాట అని తెలియదు. చుట్టూ చూస్తే అందరూ అంతే. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేవాళ్ళు, మరమరాలు కొనుక్కునేవాళ్ళు, దూరంగా ఉన్నవాళ్ళని కేకలేసి పిలిచేవాళ్ళు. ఇన్నేళ్ళుగా నా తీగలు వాళ్ళకి ఒకటే నేర్పాయి, ఇంకా ఏమీ మొదలవలేదని.

బావ ఎప్పుడూ ఆపే చోటు దాటింది. అప్పుడు కొన్ని తలలు పైకి లేచాయి. "ఇయ్యాల ఇంకా ఆపడేటి?" "బాక్సులు సెడిపోయినట్టున్నాయి." ఏ కారణం చేతనైనా వింటున్నారు కదా అనుకున్నాను. ఇంతలో పాటలో మిల్లు మోటారు నెమ్మదించడం మొదలైంది. మోత జారుతోంది, దానితో పాటు నా తీగలు జారుతున్నాయి.

మా వైపు జనానికి ఆ చప్పుడు బాగా తెలుసు. కరెంటు తగ్గినప్పుడు, జనరేటరు గుటకలు మింగినప్పుడు మైకులో పాట అలాగే సాగి సాగి కుంగిపోతుంది. ఆ వెంటనే ఏదో ఒకటి కాలిపోతుంది కూడా. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "ఒరే, జనరేటరు దిగిపోతంది, సూడండ్రా!" అని అరిచాడు. మగవాళ్ళు నలుగురు ఒకేసారి పరిగెత్తారు.

"ఆపకండి! అది పాటేరా, పాటే!" అని బావ అరుస్తున్నాడు.

"పాటేటిరా, కుంగిపోతంటే ఇనపడ్డం నేదా? బాక్సులు మాడిపోతాయి!"

మెయిన్ ఆపేశారు. ఫ్యాన్లు ఆగాయి, పాట ఆగింది. పాటలో కరెంటు పోవడం పూర్తికాక ముందే షామియానాలో కరెంటు పోయింది. మిగిలిన కొంచెం, అన్నిటికన్నా నాకు ఇష్టమైన కొంచెం, మళ్ళీ పోయింది. సరిగ్గా అప్పుడే ప్రసంగీకుడి కారు వచ్చి ఆగింది. అందరూ లేచి నిలబడ్డారు. మెయిన్ ఆపిన పెద్దాయన్ని ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు, సమయానికి చూశావని. ఆయన నా పక్క నుంచే వెళ్ళి కూర్చున్నాడు. ఆయన చొక్కా రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కూడిక ముగిశాక బావ దగ్గరికి వెళ్ళి చేయి చాపాను. పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. "నానేటి సెయ్యనే? నా మీద కోప్పడితే ఎలగ?" అన్నాడు. నేను కోప్పడలేదు. నిజానికి ఆ రోజు నాలో కోపం కూడా సరిగ్గా పుట్టలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది, దారంతా నిద్రపోయాను. ఇంటికొచ్చాక కొన్ని వారాలు గిటారు తీయలేదు. మా ఆయన చెవి మిషను పెట్టుకునే తిరిగారు. ఒంట్లో బాగాలేదా అని ఒకసారి అడిగారు.

ఒకరోజు బావ ఫోను చేశాడు.

"ఒసే, ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చీయే."

"ఎందుకు? నీకు పాటలకి కరువా?"

"పాటలున్నాయి గానీ జనం రావట్నేదే. నీ మిల్లు మోగితే ఇల్లల్లో ఆడోల్లకి తెలిసిపోయేది, ఇంకాసేపట్లో మొదలవుతాదని. పొయ్యి కట్టీసి తల దువ్వుకునేవోరు. ఇప్పుడు సినిమా పాటేస్తే ఎవులింట్లోనో టీవీ అనుకుంటన్నారు. మొన్న ఒక సబకి సగం కుర్సీలు కాళీ. కమిటీవోలు నన్ను తిట్టీసినారు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "ఇస్తాను. ఏసినప్పుడల్లా ఆకరి దాకా ఏస్తేనే ఇస్తాను."

"ఏసినప్పుడల్లానా! నీకేటైనా పిచ్చేటే?"

"అయితే ఒద్దు" అని ఫోను పెట్టేశాను.

తర్వాత వారం అతనే కోటబొమ్మాళి నుంచి బస్సెక్కి వచ్చాడు. సంచీ నిండా మామిడికాయలు. మా ఆయనతో వానల గురించి, రోడ్ల గురించి మాట్లాడాడు. రెండుసార్లు టీ తాగాడు. లేచే ముందు అసలు మాట ఎత్తాడు.

"ఒక్కసారి పూర్తిగా ఏస్తాను, నీ ఎదురుగా. ఎవుడూ మెయిను ముట్టకుండా నాను సూసుకుంటాను. ఆ తరవాత నా ఇష్టం. ఇంతకన్నా నావల్ల కాదే."

వేరే రోజైతే ఒప్పుకునేదాన్ని కాదు. నా షరతు న్యాయమైనదని ఇప్పటికీ అంటాను. కానీ ఎన్నాళ్ళని ఒకే మాట మీద నిలబడి వాదిస్తాం? పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను.

భోగాపురం దగ్గర, విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊళ్ళవాళ్ళకి కట్టిన కాలనీలో ఒక పెళ్ళి ప్రధానం. బావకి ఏదో చుట్టరికం. నన్నూ రమ్మన్నాడు. కొత్త ఇళ్ళు, ఒకటే వరస, ఒకటే రంగు, ఎక్కడా చెట్టు నీడ లేదు. వీధికి అడ్డంగా టెంటు వేశారు. పెద్దవాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇంకా రాలేదు. బావ మైకు తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ ఒక మనవి. ఇప్పుడొక గిటారు పాటేస్తన్నాం. పాటలో కరెంటు పోతాది. నిజంగా పోదు, పాటలోనే పోతాది. బయపడొద్దు. ఎవులూ మెయిను ముట్టుకోకండి. ముట్టుకుంటే ఊరుకోను."

నా వాయింపుకి జీవితంలో ఎవరైనా ముందుమాట చెప్పడం అదే మొదలు.

పాట మొదలైంది. మొదట్లో ఎప్పటిలాగే మాటలూ లేవడాలూ సాగాయి. కానీ కరెంటు పోతుందని చెప్పేశాడు కదా, ఎప్పుడు పోతుందా అని కొందరు చెవి వేసి ఉంచారు. "ఇదేనేటి?" "కాదు, ఇంకా నేదు." మిల్లు నెమ్మదించేసరికి టెంటులో మాటలు తగ్గాయి. ఒకాయన లేవబోతే బావ వేలు చూపించి కూర్చోబెట్టాడు. మోత దిగింది, తీగలు దిగాయి, బెల్టు టపటపలాడింది. తీగలు వదులై చెక్కకి కొట్టుకున్నాయి. ఆ ఎండలో, ఆ కొత్త ఇళ్ళ మధ్య పిచ్చుకలు అరిచాయి. అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ ఎదురుచూడలేదు. పిచ్చుకలు ఆగాక ఒక క్షణం ఎవరూ కదలలేదు, అంతే. తర్వాత పెళ్ళికొడుకువాళ్ళ బండ్లు వచ్చాయి, అందరూ అటు చూశారు.

నా ముందు వరసలో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. నా వయసే ఉంటుంది. సముద్రం ఒడ్డున పాత ఊళ్ళో ఉన్నప్పుడు సరుగుడు కర్రల వ్యాపారం చేసేవారట, అది తర్వాత తెలిసింది.

"మీదేనట కదా ఆ వాయింపు? మైకు బాబు సెప్పినాడు."

"నాదే."

"బాగుంది గానీ ఆకర్న మరీ సాగదీసినారమ్మా."

కూర్చున్నచోటే నిటారుగా అయ్యాను. "ఎక్కడ సాగదీశాను?"

"ఆ బెల్టు టపటపమన్న కాడ్నించి. పోయింది, పోయిందని తెలిసిపోనాది కదా. ఇంకా ఎందుకు లాగడం?"

"తెలిసిపోయాక కూడా పోదు, మోటారు అలాగే తిరుగుతుంది. మిల్లు ఎప్పుడైనా చూశారా మీరు?"

"సూడకేటి! మా ఊల్లో రెండుండేవి. టపటప అంతసేపుండదు. బెల్టు జారిపోతాది."

"జారదు. గట్టి బెల్టు. నేను అక్కడే కూర్చున్నాను."

"మీరు గిటారు సూసుకుంటన్నారు, బెల్టు సూడలేదు" అంది ఆవిడ, కుర్చీ పూర్తిగా నా వైపు తిప్పుకుని.

స్టేజి మీద తాంబూలాలు మార్చుకుంటున్నారు. మంత్రాలు వినపడుతున్నాయి. ఆవిడ మాట తప్పని నేను గొంతు తగ్గించి వాదించాను. నాది తప్పని ఆవిడ గొంతు తగ్గించకుండా వాదించింది. భోజనాలకి పిలిచారు. లేచి వెళ్ళి పక్కపక్కన కూర్చున్నాం. విస్తరి వేసి, నీళ్ళు పోసి, పప్పు వడ్డించే దాకా ఆ బెల్టు గురించే మాట్లాడుకున్నాం.